పెళ్లిపట్టీకి టీకా తాత్పర్యం

అవతారిక

కొలచెల మల్లినాథసూరి మెదక్ జిల్లా కొల్చారం వాడు. కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవి కిరాతార్జునీయానికి ఘంటాపథం, మాఘుడి శిశుపాలవధకు సర్వంకష రాసిపెట్టాడు కాబట్టే ఇన్ని వందల ఏళ్లుగా జనం ఆ కావ్యాలు ధైర్యంగా చేతపట్టుకుంటున్నారు. మూలంలో లేని ముక్క రాయననీ, అక్కర్లేని ముక్క చెప్పననీ ఆయన పెట్టుకున్న నియమం. కిరాతుడి వేషంలో వచ్చిన శివుడితో అర్జునుడు తలపడిన ఇంద్రకీలాద్రి తమ కొండేనని బెజవాడ వాళ్ల నమ్మకం. ఆ కొండకు పడమట, కృష్ణ ఒడ్డున, హైదరాబాదు రోడ్డు పొడవునా పరుచుకున్న పేట భవానీపురం. అక్కడ వ్యాఖ్యానం లేకపోతే ఒక్క అక్షరం కూడా కొరుకుడుపడని గ్రంథం మరొకటి ఉంది. పెళ్లి ఐదు రోజులుందనగా ఫ్రిజ్ తలుపుకి అంటించే పట్టీ అది.

ఈ గ్రంథం ఏకకర్తృకం కాదు. మొదటి నాలుగు పంక్తులు పెళ్లికూతురి తల్లివి. ఐదోది తండ్రి కలిపింది. ఆరు, ఏడు మేనత్త దస్తూరీ. ఎనిమిదోది బాబాయిది, ఆయన ఒక్క మాటకు మించి రాయడు. తొమ్మిదోది ఎవరిదో పండితులు తేల్చలేదు. తాళపత్రం దొరకలేదు కాబట్టి పట్టుచీర పెట్టె అట్ట మీద రాశారు. భవానీపురం, విద్యాధరపురం, గొల్లపూడి ప్రతులు పోల్చి చూస్తే స్వల్పమైన పాఠభేదాలు తప్ప గ్రంథం ఒక్కటే.

మూలం

1. శుభలేఖలు – మిగిలినవి ఇచ్చి రావాలి.
2. పంతులుగారి లిస్టు – సామాను తేవాలి.
3. సూత్రాలు – మగపెళ్లివారిని అడగాలి.
4. జాకెట్లు – టైలర్‌కి గుర్తు చేయాలి.
5. వంటవాళ్లకి లెక్క చెప్పాలి.
6. విడిది – చాపలు గీపలు చూడాలి.
7. పూలు, మేళం – ముందురోజు.
8. చిల్లర.
9. మిగతావి – గుర్తొస్తే రాయాలి.

ముందుగా అన్వయ దోషం చెప్పుకోవాలి. పట్టీ నిండా కర్మ ఉంది, క్రియ ఉంది, కర్త లేడు. ఇచ్చి రావాలి: ఎవరు? తేవాలి: ఎవరు? అడగాలి: ఎవరు? రాసినవారి ఊహలో కర్త ‘ఇంట్లో ఎవరో ఒకరు’. చదివినవారి ఊహలో కర్త ‘ఇంకెవరో’. పెళ్లికి ముందు ఐదు రోజుల్లో జరిగే గొడవలన్నీ ఈ రెండు ఊహల నడుమ ఉన్న ఖాళీలోనే జరుగుతాయి. అందుచేత వ్యాఖ్యాత పని అర్థం చెప్పడం కంటే కర్తను వెతికి పట్టుకోవడం.

ఒకటో పంక్తి: శుభలేఖలు

ప్రతిపదార్థం: మిగిలినవి = ఎవరికివ్వాలో తెలియక మిగిలినవి కావు, ఇవ్వకపోతే ఏమంటారో తెలిసి కూడా వాయిదా పడినవి; ఇచ్చి = గుమ్మంలో బొట్టుపెట్టి, అక్షింతలతో సహా చేతికిచ్చి; రావాలి = కాఫీ వద్దని, తాగి, పెళ్లికొడుకు ఉద్యోగం వివరించి, ఆ ఇంటివాళ్ల అబ్బాయికి సంబంధం ఏదైనా ఉంటే చెప్పమంటే సరేనని, అప్పుడు లేచి రావాలి.

తాత్పర్యం: ఒక్కో ఇంటికి ముప్పావుగంట. ఫోన్లో పంపిన పీడీఎఫ్ సమాచారం మాత్రమే, పిలుపు కాదు. ఈ సంగతి అందరికీ తెలుసు కనుకనే పీడీఎఫ్ కింద ‘ఇదే మా వ్యక్తిగత ఆహ్వానంగా భావించి’ అని వేడుకుంటారు. అవతలివారు భావించరు. పెదనాన్నగారి తోడల్లుడైతే అసలే భావించడు.

ఇక్కడ ఒక చారిత్రక పాఠభేదం ఉంది. భవానీపురం నుంచి బస్టాండు వైపు వెళ్లాలంటే ఒకప్పుడు కొండకింద ఇరుకు రోడ్డులో చిక్కి తీరాల్సిందే. అందుకే పాత ప్రతుల్లో ఈ పంక్తి పక్కన ‘పొద్దున్నే’ అనే విశేషణం కనిపిస్తుంది. 2020 అక్టోబరు 16న కనకదుర్గ ఫ్లైఓవర్ మీద రాకపోకలు మొదలయ్యాక ఆ విశేషణం జారిపోయింది. సుమారు 2.6 కిలోమీటర్ల ఆ వంతెన కుమ్మరిపాలెం వైపు ఎక్కినవాడిని బస్టాండు దగ్గర దించుతుంది. అయితే మార్గశిరంలో ముహూర్తం పెట్టుకున్నవారు ‘పొద్దున్నే’ను మళ్లీ చేర్చుకోవడం మంచిది. భవానీ దీక్షల విరమణ ఆ నెలలోనే. ఎర్రబట్టల భక్తులతో కొండచుట్టూ దారులు నిండిపోతాయి. ట్రాఫిక్ పోలీసులు ఏ దారి మూసి ఏ దారి తెరిచారో పంచాంగంలో ఉండదు.

విశేషం: ఒక్క శుభలేఖ ఎవరికీ ఇవ్వకుండా బీరువాలో దాచాలి. ఆంధ్రప్రదేశ్‌లో వివాహాల నిర్బంధ నమోదుకు 2002లోనే చట్టం వచ్చింది. దేశమంతటా పెళ్లిళ్లు నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. రిజిస్ట్రారు ఆఫీసులో అడిగే కాగితాల్లో శుభలేఖ, పెళ్లిఫోటో ఉంటాయి. అమ్మాయికి వీసా పని పడినప్పుడు గానీ ఈ సంగతి గుర్తుకు రాదు. అప్పటికి శుభలేఖలన్నీ ఊరు దాటి ఉంటాయి. తోడల్లుడు మాత్రం తనది భద్రంగా దాచి ఉంటాడు, ఆలస్యంగా ఇచ్చారనడానికి సాక్ష్యంగా.

రెండో పంక్తి: పంతులుగారి లిస్టు

ఇది గ్రంథంలోపల గ్రంథం. పంతులుగారి లిస్టు రెండు పేజీల జిరాక్సు. పసుపు, కుంకుమ, గంధం, తమలపాకులు, వక్కలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు, ఎండుకొబ్బరి చిప్పలు, నవధాన్యాలు, పేలాలు, ఆవునెయ్యి, దర్భలు, మూకుళ్లు, ప్రమిదలు, బాసికాలు, మధుపర్కాలు, అడ్డుతెర, జీలకర్ర, బెల్లం. చివరగా ‘ఇంట్లో చూసుకోవలసినవి’ అని ఒక ఉపశీర్షిక. ప్రమాదమంతా అందులోనే ఉంది.

సామానులో ముప్పాతికభాగం కాళేశ్వరరావు మార్కెట్టులో ఒకే దుకాణంలో దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి స్పీకరుగా పనిచేసిన అయ్యదేవర కాళేశ్వరరావుగారి పేరు మీద ఉన్న మార్కెట్ అది. దుకాణదారు పంతులుగారి జిరాక్సు చూడనైనా చూడడు. ‘పెళ్లా, గృహప్రవేశమా?’ అని ఒక్కమాట అడిగి పొట్లాలు కట్టడం మొదలుపెడతాడు. లిస్టు పట్టుకుని వెళ్లినవాడు ఒక్కొక్కటే టిక్కు పెడుతూ వెనకబడతాడు. కొట్టువాడి జ్ఞాపకం ముందు లిస్టు ఓడిపోతుంది.

ఓడిపోని వస్తువు ఒకటుంది. అది సన్నికల్లు.

టీక: సన్నికల్లు = నూరుడు రాయి; పొత్రం = దానిమీద తిప్పే రాయి. పెళ్లిలో వధువు పాదాన్ని వరుడు పట్టుకుని ఈ రాతి మీద పెట్టిస్తాడు. రాయిలా స్థిరంగా ఉండమని ఆ మంత్రం కోరిక. మట్టెల తంతు కూడా అక్కడే జరుగుతుంది. పంతులుగారు దాన్ని ‘ఇంట్లో చూసుకోవలసినవి’ కింద వేశారు. ఇంట్లో చూశారు. మిక్సీ ఉంది, వెట్ గ్రైండర్ ఉంది, చపాతీలు చేసే యంత్రం పెట్టె విప్పకుండా ఉంది. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ‘అర్జెంట్: సన్నికల్లు ఎవరి దగ్గరైనా ఉందా?’ అని అడిగారు. రెండు నమస్కారాలు, ఒక ‘మా అమ్మగారి ఊళ్లో ఉండేది’ వచ్చాయి. ఆఖరికి మూడో అంతస్తులో బామ్మగారి బాల్కనీలో, తులసికుండీ ఎత్తుకోసం అడుగున పెట్టింది బయటపడింది. బామ్మగారు ఇచ్చారు, షరతు మీద: తిరిగి తెచ్చేటప్పుడు పొత్రం మారకూడదు. ఎందుకు మారుతుందని ఎవరూ అడగలేదు. ఆ వయసులో ఉన్నవాళ్లకి ఏదో అనుభవం ఉండి ఉంటుంది.

కొబ్బరిబొండం, పెళ్లిబుట్ట కూడా ఈ ఉపశీర్షిక కిందివే. బొండానికి రంగులేసి, ముత్యాలు అంటించి, పేర్లు రాయించడం ఇప్పుడు ప్రత్యేకమైన వృత్తి. బుట్ట అద్దెకు దొరుకుతుంది, మేనమామ దొరకడు. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసింది ఆయనే. లిస్టులో బుట్ట కొలత ఉంది కానీ, ఆయన నడుమునొప్పి ప్రస్తావన లేదు. పాఠశుద్ధి కోసం ‘మేనమామ’ను బహువచనంగా చదువుకుని, వరసకు మేనమామలయ్యే మరో ముగ్గురికి ముందే చెప్పి పెట్టుకోవాలి.

మూడో పంక్తి: సూత్రాలు

తెలుగువారి తాళిలో సూత్రాలు రెండు. పుట్టింటివారు ఒకటి, అత్తింటివారు ఒకటి చేయిస్తారు. రెండు ఇళ్ల పట్టీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవలసిన ఏకైక పంక్తి ఇది. ప్రతి ఇంటివారూ రెండోవారు పసుపుతాడు తెస్తారనుకుంటారు. తాడు పావుగంటలో తయారయ్యేదే. అయినా ముహూర్తానికి గంట ముందు ఆ పావుగంట దొరకదు.

‘అడగాలి’ అన్న క్రియ సున్నితమైనది. సూత్రం చేయించారా అని నేరుగా అడిగితే వియ్యంకులవారిని అనుమానించినట్టు. అడగకపోతే పట్టనట్టు. అందుకని పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసి, ‘వదినగారూ, మావి వచ్చేశాయండీ, మీవాటితో సరిపోతుందో లేదో చూసుకుందామని’ అంటుంది. ఎత్తు, బరువు, అచ్చు ఒకలా ఉండాలన్న నెపంతో అడిగిన ప్రశ్నకు ‘చేయించేశాం వదినగారూ, ఫోటో పెడతాను’ అని జవాబు రావాలి. ఫోటో రాకపోతే చేయించలేదని అర్థం.

2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ చేసిన నగల మీద ఆరక్షరాల హెచ్‌యూఐడీ ఉంటేనే దుకాణాల్లో అమ్మాలన్నది నిబంధన. పెద్దవాళ్లకు ఆ ఆరక్షరాలు కనపడవు, చిన్నవాళ్లు యాప్‌లో కొట్టి చూస్తారు. సంగీత్‌కి, మెహందీకి, ఫోటోలకి పెట్టుకునే మిగతా నగల విషయంలో కృష్ణా జిల్లావారికి ఎప్పుడూ బెంగలేదు. బందరు పక్కన చిలకలపూడి ఉంది. అక్కడి రోల్డ్‌గోల్డ్ హారం నాలుగడుగుల దూరం నుంచి వియ్యపురాలిని కూడా మెప్పించగలదు. నాలుగడుగుల దూరం పాటించేలా చూడటం మేనత్త బాధ్యత.

నాలుగో పంక్తి: జాకెట్లు

టీక: టైలర్ = మగ్గం వర్కు వేరొకరికి ఇచ్చి, కుట్టు తాను పట్టి, రెంటి ఆలస్యాన్నీ అవతలివాడి మీద వేయగల సమర్థుడు; గుర్తు చేయాలి = షాపులో ఎదురుగా కూర్చోవాలి.

మగ్గం పనికి జాకెట్టు గుడ్డను చట్రానికి బిగించి, సూదితో ఒక్కో పూస కుడతారు. నిండు పనైతే రోజులు పడుతుంది. ఆ తరవాతే కటింగ్, కుట్టు, హుక్కులు. చీరకు ఫాల్, పీకో వేరే షాపు. వస్త్రలత బట్టల మార్కెట్టులో చీర కొన్నరోజునే ‘రెండు నెలలుందిగా’ అనుకున్నారు. రెండు నెలల్లో ఒక నెల ఏ డిజైన్ అన్న దగ్గరే అయిపోయింది. ఇప్పుడు టైలర్ ఫోన్లో రోజుకో దశ ప్రకటిస్తాడు. సోమవారం ‘వర్కు నుంచి వచ్చేసిందమ్మా’. మంగళవారం ‘చేతులు ఎక్కించడమే’. బుధవారం ‘హుక్కులొక్కటే’. గురువారం పిన్ని షాపుకి వెళ్లి చూస్తే జాకెట్టు వీపు ఒకచోట, చేతులు ఒకచోట, లైనింగ్ ఇంకా పొడవాటి గుడ్డగానే ఉన్నాయి. పిన్ని ఒక్క మాటైనా అనలేదు. స్టూలు లాక్కుని మిషను పక్కన కూర్చుంది. రాత్రి తొమ్మిదిన్నరకు జాకెట్టు పూర్తయింది.

వ్యాకరణరీత్యా ఇక్కడ కర్త దొరికాడు, దొరికింది. పిన్ని.

మల్లినాథుడు వ్యాఖ్యానించిన కుమారసంభవంలో ఏడో సర్గ పార్వతి పెళ్లి. అభ్యంగనం, నలుగు, కేశాలంకారం, పారాణి అన్నీ కాళిదాసు వరసగా చెప్తాడు. ఆ సర్గలో చిన్న పొరపాటు ఒకటి జరుగుతుంది. తల్లి మేనాదేవి కన్నీళ్లతో కళ్లు కనపడక, కూతురి చేతికి కట్టవలసిన ఉన్ని కంకణాన్ని చోటు తప్పించి కడుతుంది. పక్కనున్న దాది దాన్ని వేళ్లతో సరైన చోటికి జరుపుతుంది. హిమవంతుడి ఇంటి పెళ్లికి రత్నాలు తక్కువ లేవు, పరివారం తక్కువ లేదు. అయినా ఆ కంకణం దాది వేళ్ల వల్ల చోటుకు చేరింది. ఆమె పేరేమిటో కాళిదాసు చెప్పలేదు. పట్టీలో కూడా పిన్ని పేరు లేదు.

ఐదో పంక్తి: వంటవాళ్లకి లెక్క

ఈ గ్రంథంలో పరమ క్లిష్టమైన పంక్తి ఇదే. ఎందుకంటే లెక్క చెప్పలేకుండా చేసుకున్నది పెళ్లివారే. శుభలేఖలో ‘సకుటుంబ సపరివార సమేతంగా’ రమ్మని అచ్చువేయించారు. పరివారానికి హద్దు ఎక్కడ? ఎదురింటివాళ్లు నలుగురు వస్తారా, పనిమనిషితో ఐదుగురా, ఊరి నుంచి వచ్చిన చుట్టాలతో తొమ్మండుగురా? వస్తామనీ రామనీ ముందు చెప్పే ఆచారం తెలుగునాట లేదు. రామని చెప్పడం అపశకునం. ‘తప్పకుండా వస్తాం’ అన్నది వస్తామనడం కాదు, మర్యాద. ‘చూస్తాం’ అన్నవాళ్లు మాత్రం కచ్చితంగా వస్తారు.

తండ్రి లెక్క 600. మేనత్త లెక్క 850. బాబాయి లెక్క ‘అయిదొందలు చాలు, నేను చెప్తున్నాగా’. వంటమేస్త్రీ ఈ మూడూ విని, ముహూర్తం ఎన్నింటికని అడుగుతాడు. ఆయనకు అంకెకంటే అదే ముఖ్యం. తెలుగు పెళ్లిలో సుముహూర్తమంటే జీలకర్ర బెల్లం పెట్టే నిమిషం. అది రాత్రి రెండింటికి పడితే ఊళ్లోవాళ్లంతా తొమ్మిదిలోపు భోంచేసి, అక్షింతలు జేబులో వేసుకుని వెళ్లిపోతారు. తెల్లారి ఇడ్లీ, ఉప్మా దగ్గర బంధువులే ఉంటారు. పగలు పదకొండింటికి పడితే ఒకే పూటలో అందరూ ఒకేసారి లేస్తారు. రాత్రి పెళ్లికి ఆయన పెరుగు తగ్గిస్తాడు, కాఫీపొడి పెంచుతాడు. బియ్యం దగ్గర ఆయనకు సొంత కొలత ఉంది: వంటకాలు ఎక్కువుంటే కిలోకి పదిమంది, తక్కువుంటే ఎనిమిది. పులిహోర, బూరెలు, గుత్తివంకాయ, ముక్కల పులుసు, గోంగూర, కందిపొడి ఉన్నచోట అన్నం తగ్గుతుంది. ఉలవచారు, దానిమీద మీగడ ఉన్నచోట మళ్లీ పెరుగుతుంది. కృష్ణా జిల్లాలో ఈ రెండో సూత్రం మొదటిదాన్ని కొట్టేస్తుంది.

పూర్వోదాహరణ: 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊళ్లో పెద్దలు వెలివేస్తామని బెదిరించారు. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి బిందెలతో నీళ్లు తెచ్చి వంట చేశారు. ఆ పెళ్లికి పట్టీ రాసి ఉంటే ‘వంట’ పక్కన కర్తను వెతకనక్కర్లేదు.

ఆరో పంక్తి: చాపలు గీపలు

టీక: చాపలు = విడిదిలో మగపెళ్లివారు పడుకోవడానికి వేసేవి. గీపలు = దిండ్లు, దుప్పట్లు, బకెట్లు, మగ్గులు, సబ్బులు, షాంపూ పొట్లాలు, దోమల బిళ్లలు, సెల్‌ఫోన్ ఛార్జర్లకు పొడుగు వైరు బోర్డులు, పొద్దున్నే అయిదింటికి కాఫీ, షుగర్ ఉన్నవాళ్లకి చక్కెర లేని కాఫీ, పెళ్లికొడుకు బామ్మగారికి ఎత్తు కుర్చీ.

మేనత్త ఇంత అర్థాన్ని ఒక్క ‘గీపలు’లో ఇమిడ్చింది. గ్రంథకర్త్రుల్లో ఆమెదే సూత్రశైలి.

దీనికి పాత ప్రమాణం మాయాబజార్. 1957లో వచ్చిన ఆ సినిమాలో మగపెళ్లివారి తరఫున వచ్చిన శర్మ, శాస్త్రి విడిదిలో అన్నిటికీ వంకలు పెడతారు. వంగర, అల్లు రామలింగయ్య వేషాలు అవి. కంబళితోపాటు గింబళిని, తల్పంతోపాటు గిల్పాన్ని ఘటోత్కచుడి మనుషులు నిజంగానే సరఫరా చేస్తారు. గింబళి చుట్టుకుంటుంది, గిల్పం తిరగేస్తుంది. విడిదివారి కోర్కెలన్నీ తీర్చిన ఆడపెళ్లివారు తెలుగు చరిత్రలో వాళ్లొక్కరే. వాళ్లకు మాయ ఉంది. భవానీపురంలో టెంట్‌హౌస్ ఉంది. టెంట్‌హౌస్ వాడి దగ్గర వంద దిండ్లు అడిగితే వంద వస్తాయి. వాటిలో ఎన్ని దిండ్లన్నది రాత్రి పదింటికి తేలుతుంది.

మగపెళ్లివారు తెనాలి, మంగళగిరి వైపు వాళ్లైతే దారి విషయం కూడా ఈ పంక్తి కిందకే వస్తుంది. కార్లు ప్రకాశం బ్యారేజీ మీదుగా సూటిగా వచ్చేస్తాయి. భారీ వాహనాలను బ్యారేజీ మీదకి రానివ్వరు కనుక పెళ్లిబస్సు కనకదుర్గ వారధి మీదుగా చుట్టుతిరిగి రావాలి. కారులో వచ్చిన పెళ్లికొడుకు ఎదుర్కోలుకి నిలబడి ఉంటాడు. హారతిపళ్లెం బస్సులో ఉంటుంది. అందుచేత ఎదుర్కోలు సామాను కారులోనే పెట్టమని ముందే చెప్పాలి. అది కూడా ‘గీపలు’లో ఉంది, వెతికితే.

ఏడో పంక్తి: పూలు, మేళం

పూలు ముందురోజు తెల్లవారుజామున బస్టాండు దగ్గరి హోల్‌సేల్ మార్కెట్టులో కొనాలి. పూలజడ, దండలు చెప్పినచోట కట్టి ఇస్తారు. విడిపూలు మాత్రం మార్కెట్టులో పట్టుకున్నవాడి సొంతం. మామిడాకులు, అరటిపిలకలు పల్లెటూరి చుట్టాలు తెస్తామంటారు, తెస్తారు. వాటి గురించి ఫోన్ చేయకూడదు. చేస్తే నొచ్చుకుంటారు.

మేళం దగ్గర మాత్రం ఆగాలి. ఆంధ్ర తీరంలో హిందువుల పెళ్లిళ్లలో నాదస్వరం ఊదేవారిలో ముస్లిం కళాకారులది పాత సంప్రదాయం. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా ఆ పరంపరవారే. శ్రీరంగంలో స్థిరపడి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. మేళగాళ్లకు పంతులుగారు వేలు చూపించినప్పుడు గట్టిమేళం మోగించడం తెలుసు. వాళ్లకు ఎవరూ ఏదీ గుర్తు చేయనక్కర్లేదు. వాళ్లకు కావలసింది కూర్చోవడానికి చోటు, వేళకు భోజనం. పట్టీలో ఆ రెండూ లేవు. కలపాలి.

డీజే సంగతి వేరు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ కూడదు. తలుపులు మూసిన హాళ్లకే మినహాయింపు. రాత్రి రెండింటి ముహూర్తానికి తొమ్మిదిన్నరకు ఊరేగింపు బయల్దేరితే, పెళ్లికొడుకు స్నేహితులకు అరగంటే ఉంటుంది. ఈ అరగంటను వాళ్లకు ముందే చెప్పగల కర్త పెళ్లికొడుకు అన్న. ఆడపెళ్లివారు చెప్తే వినరు.

ఎనిమిదో పంక్తి: చిల్లర

బాబాయి ఒక్క మాటే రాశాడు కానీ పెళ్లి మొత్తం దీనిమీద నడుస్తుంది. దక్షిణకు పదిరూపాయల కొత్తనోట్లు, బిందెలో ఉంగరం తీయించేచోట, ఆడపడుచు గుమ్మం అడ్డగించేచోట, కారు టైరు కింద నిమ్మకాయ పెట్టేచోట, జనరేటరు కుర్రాడికి, గిన్నెలు దించిన ఆటోవాడికి. 116, 516, 1116 అని పదహారుతో ముగిసే అంకెలు చదివించే జాతికి చిల్లర తప్పదు. గుమ్మం అడ్డగించిన ఆడపడుచు దగ్గర ఫోన్‌పే పనిచేయదు. పనిచేసినా ఆమె ఒప్పుకోదు.

కర్త: బాబాయి. అన్ని పంక్తుల్లోనూ కర్త మొదటినుంచీ తెలిసినది ఇదొక్కటే. బ్యాంకుకి వెళ్లి కట్టలు తెచ్చి, లోపలి జేబులో పెట్టుకుని, మూడు రోజులపాటు ఆయన చొక్కా మార్చలేదు.

తొమ్మిదో పంక్తి: మిగతావి

శంక: ‘గుర్తొస్తే రాయాలి’ అని ఉంది. గుర్తొచ్చినప్పుడు పెన్ను ఉండదు కదా, ఇది సాధ్యమా?

సమాధానం: సాధ్యం కాదు. అయినా రాయవలసింది ఒకటి ఉంది, అది చట్టం రాయమన్నది. 1961 వరకట్న నిషేధ చట్టం కింద 1985 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం పెళ్లిలో వచ్చిన కానుకలకు రెండు పట్టీలు ఉండాలి. వధువుకు వచ్చినవి వధువు, వరుడికి వచ్చినవి వరుడు రాసుకోవాలి. వస్తువేమిటి, సుమారు విలువెంత, ఎవరిచ్చారు, బంధుత్వమేమిటి అన్నీ అందులో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. చదివింపుల దగ్గర పుస్తకం ముందేసుకుని కూర్చునే పెదనాన్నకు ఈ నియమం తెలియకపోయినా అందులో సగం పని ఆయన చేస్తూనే ఉన్నాడు. మైకులో చదివి మరీ రాస్తాడు. విలువ రాస్తాడు, బంధుత్వం రాస్తాడు, ‘ఫలానావారి తోడల్లుడు’ అని కూడా రాస్తాడు. సంతకాలొక్కటే తక్కువ. తొమ్మిదో పంక్తిలో మొదటి ‘మిగతావి’ ఈ పుస్తకానికి కొత్త పేజీలు, నీలం సిరా పెన్ను.

పిన్ని టైలర్ షాపు నుంచి వచ్చిన రాత్రి పట్టీ రూపం మారింది. ఆమె ఫ్రిజ్ మీది అట్ట దించి, కుడిపక్క నిలువుగీత గీసి, ప్రతి పంక్తి ఎదురుగా ఒక పేరు రాసింది. శుభలేఖలకు పెళ్లికూతురి తమ్ముడు, స్కూటర్ మీద. సన్నికల్లు తిరిగి ఇవ్వడానికి అతనే, పొత్రం సరిచూసుకుని. సూత్రాల ఫోటోకు అమ్మ. విడిదికి మేనత్త, ఆమెకు తోడు ఇద్దరు కుర్రాళ్లు. వంటకు 700 అని తండ్రి, బాబాయి వినకుండా. పూలకు తెల్లారుజామున లేచే అలవాటున్న పెదనాన్న. ఒక్కో పేరు కింద ఫోన్ నంబరు, పక్కన ‘ఎప్పటికి’ అన్న గడి. తన పేరు ఎక్కడా రాసుకోలేదు. ఎవరి ఫోన్ అయినా కలవకపోతే చేయవలసింది ఆమెకేనని అందరికీ తెలుసు.

పాఠాంతరం

మగపెళ్లివారి ప్రతి కూడా సంపాదించి పరిశీలించడమైనది. అందులో పంక్తులు మూడే. ఒకటి: ‘బస్సు’. రెండు: ‘ఆడపెళ్లివారిని అడగాలి’. మూడు: ‘మళ్లీ అడగాలి’. వ్యాఖ్యానం అవసరం లేనంత స్పష్టమైన రచన.

గద్య

ఇది భవానీపుర వాస్తవ్య బంధువర్గ విరచితంబును, పట్టుచీర పెట్టె అట్ట లిఖితంబును, పిన్ని పరిష్కృతంబును అగు పెళ్లిపట్టీ అను గ్రంథమునకు టీకా తాత్పర్య విశేషములతో పూర్వఖండము సంపూర్ణము. పదహారు రోజుల పండగ సామానును ప్రతిపాదించు ఉత్తరఖండమునకు మూలప్రతి ఇంకను లభింపలేదు. టెంట్‌హౌస్ బిల్లు వెనుక వ్రాసియుండవచ్చునని మేనత్త అభిప్రాయము. ఆ బిల్లు బాబాయి చొక్కా జేబులో నున్నదట, చొక్కా చాకలికి వేసినారట.